ఆ అరగంట ఎవరిది?

ఈ మధ్య ఒక జిల్లా కేంద్రంలో మహిళా కార్యకర్తల శిక్షణా తరగతులకు వెళ్ళాను. ‘ప్రసార మాధ్యమాలు - స్త్రీలు’ అన్నది నాకిచ్చిన అంశం. ఇలాంటి తరగతుల్లో చాలా ఏళ్ళుగా మాట్లాడుతున్నాను కాబట్టి అలవాటు ప్రకారం ఒక ప్రశ్నతో మొదలుపెట్టాను. మీలో టీవీ చూసేవాళ్ళు ఎంతమంది? ముందు వరసల్లో ఉన్నవాళ్ళు, అంటే సంస్థల కోఆర్డినేటర్లు, లాయర్లు, ఒకరిద్దరు లెక్చరర్లు, నవ్వారు. “టీవీ ఎప్పుడో మానేశామండీ. కావలసింది ఓటీటీలో చూసుకుంటాం” అంది ఒకామె. పక్కవాళ్ళు తలలూపారు. వెనక వరసల్లో గ్రామాలనుంచి వచ్చిన సంఘం లీడర్లు కూర్చున్నారు. వాళ్ళవి ఏడెనిమిది చేతులు లేచాయి. ముందు వరస నవ్వు వినబడి సగం చేతులు దిగిపోయాయి. నేను చెయ్యెత్తలేదు. మా ఇంట్లో కేబుల్ కనెక్షన్ తీసేసి చాలా కాలమయింది. ఆ నవ్వులో నా వాటా కూడా ఉంది కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను.

“టీవీ మానేశాం” అన్నమాట ఇవాళ మన మధ్య ఒక ప్రగతిశీల ప్రకటనలాగా చలామణి అవుతోంది. దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1980ల నుంచీ స్త్రీల పత్రికల్లో, సభల్లో టీవీ మీద వచ్చిన విమర్శ తక్కువేమీ కాదు. వ్యాపార ప్రకటనల్లో స్త్రీ శరీరం, సీరియళ్ళలో కన్నీళ్ళ కోడళ్ళూ కుట్రలు పన్నే అత్తలూ, అత్యాచార వార్తల్లో బాధితురాలినే నిలదీసే భాష. వీటన్నిటి మీదా రాశాం, మాట్లాడాం, వినతిపత్రాలు ఇచ్చాం. పి.సి. జోషీ అధ్యక్షతన 1982లో ప్రభుత్వం వేసిన కమిటీ కూడా దూరదర్శన్‌లో స్త్రీల చిత్రణను ప్రత్యేకంగా పట్టించుకుంది. నేను స్వయంగా ‘కార్తీక దీపం’ మీద ఒక సభలో గంటసేపు మాట్లాడాను. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో నడిచిన ఆ సీరియల్లో, నల్లగా ఉన్న స్త్రీ తన మంచితనాన్ని అనుక్షణం ఋజువు చేసుకుంటూనే ఉండాలి. భార్య శీలాన్ని శంకించిన డాక్టరు భర్త ఒక్క పరీక్షతో తేలే సంగతిని ఏళ్ళతరబడి తేల్చుకోడు. ఆ రోజు నేనన్నవాటిలో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను.

అయితే సీరియల్లో ఏముంది అన్న ప్రశ్న వేరు, ఆ సీరియల్ చూసే అరగంట ఎవరిది అన్న ప్రశ్న వేరు. మొదటి ప్రశ్నను మనం దశాబ్దాలుగా అడుగుతున్నాం. రెండోది అడగలేదు. అడగలేదు కాబట్టే టీవీనుంచి ఓటీటీకి జరుగుతున్న ఈ మార్పులో చాలామంది స్త్రీలు ఏం పోగొట్టుకుంటున్నారో మన కంటికి ఆనడం లేదు.

మా ఇంటి సంగతే చెప్తాను. మా అత్తగారిది ఖమ్మం. పెళ్ళయిన దగ్గరనుంచీ తెల్లవారుజామున లేచి రాత్రి గిన్నెలు సర్దేదాకా ఆమె నడుం వాల్చడం నేను చూడలేదు. ఆ రోజంతటిలో ఆమెదంటూ ఒకే ఒక్క అరగంట ఉండేది. సాయంత్రం ఏడున్నరకి ఆ సీరియల్. చేతిలో చిక్కుడుకాయలో గోరుచిక్కుడుకాయలో ఉండేవి, అది వేరే సంగతి. కానీ ఆ అరగంట ఆమెను ఎవరూ పిలిచేవారు కారు. మామగారు కాఫీ అడగాలంటే ఏడున్నరకి ముందైనా అడిగేవారు, ఎనిమిదయ్యేదాకా అయినా ఆగేవారు. పిల్లలు హోంవర్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఎవరూ చర్చించి పెట్టుకున్న నియమం కాదిది. సీరియల్ ఆగదు, పోతే మళ్ళీ రాదు, అందరికీ తెలుసు. అంతే.

2019 చివర్లో మేం కేబుల్ తీసేసి స్మార్ట్ టీవీ, వైఫై పెట్టించాం. ఆ నిర్ణయం నాదే. పిల్లలకి న్యూస్ చానళ్ళ అరుపులు తప్పుతాయని, డబ్బు కలిసొస్తుందని అనుకున్నాను. “మీ సీరియల్ ఎక్కడికీ పోదు అత్తయ్యా, ఇక మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు” అని సంతోషంగా చెప్పాను. నెల తిరిగేసరికి ఏం జరిగిందంటే, ఆమె ఏడున్నరకి టీవీ ముందు కూర్చోగానే లోపల్నుంచి మామగారి గొంతు వినిపించేది. “అది ఆపుకోవచ్చుగా, కాస్త కాఫీ పెట్టి వెళ్ళు.” పిల్లలు కూడా నేర్చుకున్నారు. “నానమ్మా, పాజ్‌లో పెట్టి రా.” ఒకరోజు నేనే పిలిచాను. ఏదో మీటింగ్‌కి ఆలస్యమైంది, కుక్కర్ సంగతి చూడమన్నాను. ఆమె ఏమీ అనకుండా రిమోట్ మీద బొత్తాం నొక్కి లేచింది. తెర మీద బొమ్మ అలాగే నిలిచిపోయి ఉంది. కొన్నాళ్ళకి ఆమె చూడటమే మానేసింది. “కథ ఎక్కడున్నదో కూడా మర్చిపోయిన” అంది.

దీన్ని నేను అర్థం చేసుకోవడానికి చాలా కాలం పట్టింది. ఒక సమాజశాస్త్ర పరిశోధకురాలిగా స్త్రీల విరామ సమయం గురించి పుస్తకాలు చదివినదాన్ని, తరగతుల్లో చెప్పినదాన్ని, నా ఇంట్లోనే దాన్ని గుర్తుపట్టలేకపోయాను. పాజ్ బొత్తాం లేనందువల్లే ఆమెకు ఆ అరగంట దక్కింది. ‘ఎప్పుడైనా చూడొచ్చు’ అన్నది సొంత సమయం ఉన్నవాళ్ళకి స్వేచ్ఛ. సొంత సమయం లేనివాళ్ళ విషయంలో దానర్థం ‘ఇప్పుడే చూడక్కర్లేదు’ అని. ఇంట్లో అందరి అవసరాలకూ వేళలుంటాయి. ఆఫీసు వేళ, బడి వేళ, మాత్రల వేళ. గృహిణి కోరికకు వేళ లేకుండా చేస్తే అది అన్నిటికన్నా వెనక్కి పోతుంది.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన కాలవినియోగ సర్వే లెక్కల ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు జీతం లేని ఆ పని మీద రోజుకు సగటున 289 నిమిషాలు గడుపుతున్నారు. ఇంటిపనిలో చెయ్యిపెట్టే మగవాళ్ళు గడిపేది 88 నిమిషాలు. ఈ అంకెలు మనకు కొత్తవి కావు. కానీ ఈ లెక్కలో కనపడనిది ఒకటుంది. ఆ 289 నిమిషాలు ఒక్క ముక్కగా రావు. రోజంతా చిన్న చిన్న ముక్కలుగా, ఎవరు పిలిస్తే అప్పుడు వస్తాయి. మిగిలిన సమయం కూడా ముక్కలుగానే మిగులుతుంది. టీవీ ఈ జీవితానికి ఒకరకంగా సరిపోయింది. చెవి అక్కడ పెట్టి చేతులతో పని చేసుకోవచ్చు, వంటింట్లోంచి తొంగిచూడొచ్చు, ఒక వారం తప్పిపోయినా పక్కింటావిడ కథ చెప్తుంది. ఫోన్‌లో చూడాలంటే కన్నూ చెయ్యీ రెండూ దానికే ఇవ్వాలి. తడి చేతులతో ముట్టుకోలేం. పక్కింటావిడ ఇంకేదో చూస్తూంటుంది.

ఇక ‘ఎంపిక’ అన్న మాట దగ్గరికి వద్దాం. ఇది మార్కెట్ మనకు నేర్పిన మాట. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ కొత్త టారిఫ్ విధానం అమల్లోకి తెచ్చినప్పుడు “మీ చానళ్ళు మీరే ఎంచుకోండి” అని ఊరూరా ప్రచారం జరిగింది. వంద చానళ్ళకు 130 రూపాయలు, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు, ఆపైన ఒక్కో పే చానల్‌కి ఇంత అని ధర. వినడానికి వినియోగదారుడి విజయం. కానీ కేబుల్ అబ్బాయి కాగితం తెచ్చి ఇస్తే టిక్కులు పెట్టింది ఎవరు? మా వీధిలో నేను చూసినంతవరకూ ఇంటి మగవాళ్ళే. క్రికెట్ చానళ్ళు, న్యూస్ చానళ్ళు, పిల్లలకి కార్టూన్లు, చివర్లో “ఏమే, నీకేం కావాలి, ఒకటి చెప్పు” అన్న ప్రశ్న. ‘ఒకటి’ అన్న మాట గమనించండి.

ఓటీటీలో ఆ ఒకటి కూడా అంత సులభం కాదు. ఆమె ఎంచుకోవాలంటే ముందు ఆమెకొక ఫోన్ కావాలి, అందులో డేటా ఉండాలి, చందా కట్టే ఖాతా ఆమె పేరున ఉండాలి లేదా కనీసం పాస్‌వర్డ్ తెలియాలి, తెర మీది అక్షరాలు చదవగలగాలి. వీటిలో మొదటి మెట్టు దగ్గరే ఎంతమంది ఆగిపోతున్నారో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తుంది. దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 33 మంది, మగవాళ్ళు 57 మంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ స్త్రీల సంఖ్య నూటికి 21, తెలంగాణలో 26 చిల్లర. హైదరాబాద్‌ను దేశానికి ఐటీ రాజధానిగా చూపించుకున్న తెలుగు నేల మీద పరిస్థితి ఇది! ఆ సర్వే తరవాత ఫోన్లు పెరిగాయి, నిజమే. లాక్‌డౌన్‌లో పిల్లల ఆన్‌లైన్ పాఠాల కోసం కొన్న ఫోన్లు చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. అవి పిల్లల చేతుల్లో ఉన్నాయి. తల్లి చేతికి వచ్చేసరికి రాత్రి పదకొండు, “ఇవాళ్టి నెట్ అయిపోయింది.”

ఉచితంగా బోలెడు దొరుకుతోంది కదా అంటారు మిత్రులు. యూట్యూబ్ ఉచితం, ప్రకటనలతో వచ్చే యాప్‌లు ఉచితం. ఈ ఉచితం సంగతి కొంచెం చూద్దాం. 2023లో ఐపీఎల్ మ్యాచ్‌లను జియోసినిమా ఉచితంగా చూపించింది. అలవాటు చేసింది. 2025 ఫిబ్రవరిలో ఆ యాప్ హాట్‌స్టార్‌తో కలిసిపోయి జియోహాట్‌స్టార్ అయ్యాక ఉచితం ఉచితంగా మిగల్లేదు, చందా, రీఛార్జ్ షరతులు వచ్చాయి. 2024 జులైలో పెద్ద టెలికాం కంపెనీలన్నీ దాదాపు ఒకేసారి రీఛార్జ్ ధరలు పెంచాయి. రేషన్, గ్యాస్ ధరలు పెరిగితే రోడ్డెక్కే మనం దాని గురించి ఒక కరపత్రమైనా వేశామా? ఇంట్లో రెండు ఫోన్లుంటే, డబ్బు ఒక్కదానికే సరిపోతే, ఏ ఫోన్ రీఛార్జ్ ఆగుతుందో మనలో ఎవరికి తెలియదు?

అన్నిటికన్నా నాకు ఎబ్బెట్టుగా తోచింది మరొకటి. 2019లో హాట్‌స్టార్ వీఐపీ అనే చందా పథకం వచ్చినప్పుడు దాని ఆకర్షణల్లో ఒకటి, టీవీలో రాకముందే సీరియళ్ళు చూడొచ్చన్నది. అంటే చందా కట్టినావిడ పొద్దున్నే చూసేసిన కన్నీళ్ళని కట్టనావిడ రాత్రికి చూస్తుంది. మనం నవ్వుకున్న ఆ సీరియల్‌ను కూడా వర్గాలవారీగా పంచిపెట్టవచ్చని మార్కెట్‌కి అర్థమైంది. మనకే అర్థం కాలేదు.

టీవీ ఏదో సమానత్వాన్ని తెచ్చిందని చెప్పడం లేదు. నేను చిన్నప్పుడు, 1987లో, ఆదివారం పొద్దున రామాయణం చూడటానికి వీధంతా చేరే ఇల్లొకటి ఉండేది. ముందుగదిలో చాప మీద కూర్చున్నవాళ్ళెవరో, వరండాలో నిలబడ్డవాళ్ళెవరో, కిటికీ చువ్వలు పట్టుకుని బయటినుంచి చూసినవాళ్ళెవరో నాకు బాగా గుర్తు. కిటికీ దగ్గర నా బడి స్నేహితురాలు ఉండేది. ఆమె లోపలికి ఎందుకు రాదో మా అమ్మని అడిగితే జవాబు రాలేదు. కాబట్టి ఆ కాలం బంగారు కాలమని నేనెన్నడూ అనను.

కానీ అప్పుడు టీవీ గురించి మాట్లాడే హక్కు మనకుందని మనం నమ్మాం. ఆ నమ్మకానికి ఆధారాలున్నాయి. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సాగిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు వచ్చాయి. ఊరికొక టీవీ పెట్టి అందరినీ దాని ముందు కూర్చోబెట్టారు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ అంటూ పైనుంచి పాఠాలు చెప్పారు, స్త్రీని తల్లిగా తప్ప చూడలేదు అన్న విమర్శ న్యాయమైనదే. అయినా ఆ డబ్బా ఊరందరిదీ. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. 1995లో క్రికెట్ ప్రసారాల కేసులో సుప్రీంకోర్టు గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. అదే ఏడు కేబుల్ చట్టం వచ్చింది, ఈటీవీ, జెమినీ వచ్చాయి. 1997లో ప్రసారభారతి ఏర్పడింది. ప్రభుత్వం చేతిలోనూ కాకుండా, వ్యాపారుల చేతిలోనూ కాకుండా ప్రసారాలు ప్రజల చేతిలో ఉండాలన్న మాట అప్పట్లో అర్థం ఉన్న మాటగా వినబడేది.

ఆ తీర్పు ఈనాటికీ ఉంది. మనమే దాన్ని మర్చిపోయాం. ఓటీటీ వచ్చేసరికి ఇది కంపెనీకీ కస్టమర్‌కీ మధ్య వ్యవహారం, ఇష్టమైతే కట్టు, లేకపోతే మానెయ్ అన్న వాదనకు లొంగిపోయాం. ఫోన్‌లోకి వచ్చే డేటా దేనిమీద వస్తోంది? అదీ తరంగాల మీదే కదా! ఆ స్పెక్ట్రమ్ ప్రజల సహజ వనరు అని 2012లో 2జీ కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. వేలం వేసి అమ్మినంతమాత్రాన మనకు దానిమీద అడిగే హక్కు పోదు. ఈలోగా యాంటెనాతో బొమ్మ అందించిన దూరదర్శన్ పాత ట్రాన్స్‌మిటర్లను దాదాపుగా అన్నింటినీ 2022 నాటికి మూసేశారు. ఎవరూ అడ్డుచెప్పలేదు. మనలో ఎవరి ఇంటి మీదా యాంటెనా లేదు మరి.

నా వాదన తడబడే చోటు ఒకటుంది, దాన్ని దాటవేయను. కడపనుంచి, గోదావరి జిల్లాలనుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలను తలుచుకుంటే ఫోన్ గురించి ఇంత నిష్ఠూరంగా మాట్లాడటం నాకే కష్టంగా ఉంటుంది. అక్కడ ముందుగదిలో టీవీ యజమానిది, భాష యజమానిది. సెలవుకి వచ్చిన ఒకామె నాతో అంది, “రాత్రి తలుపేసుకుని చెవుల్లో అది పెట్టుకుంటే మన మాట వినపడతాది మేడమ్. అది లేకపోతే పిచ్చి లేస్తాది.” ఆమెకు ఆ చిన్న తెర ఇంటి కన్నా ఎక్కువ. అలాగే మా పరిశోధక విద్యార్థిని ఒకమ్మాయి నా మాటలన్నీ విని, “మేడమ్, మా ఇంట్లో టీవీ అంటే మా నాన్న. ఫోన్ అంటే నేను” అంది. ఆ అమ్మాయి చూసే కథలు, స్త్రీ కోరికల గురించి, కులాంతర ప్రేమల గురించి, ఒంటరి తల్లుల గురించి, ఏడున్నర సీరియల్లో ఎన్నటికీ రావు. ఆమెను వెనక్కి వెళ్ళి ముందుగదిలో కూర్చోమనే హక్కు నాకు లేదు.

కానీ ఆ అమ్మాయి మాటలోనే ఇంకో సంగతి ఉంది. ఫోన్ ఆమెది అయినప్పుడే అది ఆమె. పంచుకున్న ఖాతాలో ఎవరేం చూశారో జాబితా తెర మీదే ఉంటుంది. కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసే మిత్రులు నాకు చెప్పారు, ఆ జాబితా పట్టుకుని నిలదీసే భర్తలు వస్తున్నారని. “ఒంటరిగా ఉన్నప్పుడు ఇలాంటివి చూస్తోంది” అన్నది నింద. ఆమె చూసింది విడాకులు తీసుకున్న స్త్రీ కథ! టీవీలో ఏదన్నా చూసి చానల్ మార్చేస్తే చూసిన గుర్తు ఉండేది కాదు. ఇప్పుడు ఇంటి పెద్దకీ తెలుస్తుంది, కంపెనీకీ తెలుస్తుంది. ఫోన్ తీసుకుని తనిఖీ చెయ్యడం గృహహింసలో భాగమని మనం ఒప్పుకుంటున్నాం. చూసిన సినిమాల జాబితా తనిఖీ చెయ్యడం కూడా అందులోకే వస్తుందని మన కేసు ఫారాల్లో రాస్తున్నామా?

ప్రభుత్వం సంగతి చెప్పుకోవాలంటే, అది మన పేరు మాత్రం బాగా వాడుకుంటోంది. 2021 ఐటీ నిబంధనలు వయసులవారీ వర్గీకరణ, ఫిర్యాదుల యంత్రాంగం తెచ్చాయి. 2024 మార్చిలో అశ్లీలత పేరుమీద పద్ధెనిమిది ఓటీటీ వేదికలను మూసేసినప్పుడు, 1986 నాటి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టాన్ని కూడా కారణంగా చూపారు. ఆ వేదికల కోసం నేను కన్నీరు కార్చను. కానీ స్త్రీల హక్కులంటే స్త్రీల బొమ్మ ఎలా ఉండాలన్న ప్రశ్న ఒక్కటే అన్నట్టుగా వాళ్ళు మాట్లాడుతుంటే మనం కూడా అదే భాషలో వినతిపత్రాలు రాస్తున్నాం. ఫలానా సిరీస్‌ను నిషేధించండి, ఫలానా దృశ్యం తీసెయ్యండి. నిషేధించడం ప్రభుత్వానికి ఖర్చులేని పని. స్త్రీలు చూసేందుకు ఏర్పాటు చెయ్యమంటే ఖర్చవుతుంది.

అందుకని మనం అడగాల్సింది వేరే ఉంది. నెల చందా లేకుండా చిన్న డిష్‌తో చానళ్ళు అందించే దూరదర్శన్ ఉచిత సేవ, డీడీ ఫ్రీ డిష్, 2004 నుంచి నడుస్తోంది. హిందీ ప్రాంతాల్లో అది పేదల టీవీ అయింది. తెలుగు కోసం అందులో ఏముందని చూస్తే 2014 విభజన తరవాత రెండు రాష్ట్రాలకూ చెరొకటిగా ఉన్న డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి. ఆ రెంటిలో సాయంత్రం ఆరునుంచి తొమ్మిది దాకా ఏం వస్తోందో చూసి, స్త్రీల కథలకు ఆ వేళలో చోటు, డబ్బు ఇమ్మని అడిగినవాళ్ళం ఎంతమందిమి? ప్రసారభారతి 2024 నవంబరులో ‘వేవ్స్’ అని తన ఓటీటీ కూడా మొదలుపెట్టింది. మంచిదే, కానీ దానికీ ఫోన్ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ ఇస్తామన్నారు. ప్రభుత్వం తలుచుకుంటే ఇంత ధరకు ఇవ్వొచ్చన్న ఆలోచన అక్కడుంది. ఆ తీగను ఊళ్ళోని మహిళా సంఘం భవనందాకా లాగి ఒక పెద్ద తెర పెట్టమని, దాని తాళంచెవి సంఘం చేతిలో ఉంచమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. యాభై ఏళ్ళ కిందట 2,400 ఊళ్ళకు టీవీ పెట్టిన దేశం ఇది.

ఇంకొకటి మన చేతిలో పనే. మన సంస్థలు చేసే ప్రతి ఇంటింటి సర్వేలోనూ ‘ఆస్తులు’ అన్న పట్టికలో టీవీ ఉందా, ఫోన్ ఉందా అని గడులుంటాయి. ఉంటే టిక్కు పెడతాం, ఇల్లు ఒక మెట్టు పైకి పోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీని విడిగా “మీరు స్వయంగా వాడుకునే ఫోన్ ఉందా” అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో ఎంత తేడా బయటపడిందో మనం చూశాం. అదే పద్ధతిలో రిమోట్ ఎవరి దగ్గర ఉంటుంది, రీఛార్జ్ ఎవరు చేస్తారు, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, చూస్తున్నప్పుడు రోజుకెన్నిసార్లు లేవాల్సివస్తుంది అని అడగడానికి ఖర్చేమీ లేదు. నిధులిచ్చే సంస్థలు ‘డిజిటల్ సాధికారత’ అని ఒక శీర్షిక పెట్టి ఎన్ని ఫోన్లు పంచామో లెక్క అడుగుతున్నాయి. ఫోన్లు పంచిన మూడు నెలలకు అవి ఎవరి జేబులో ఉన్నాయో రాసి పంపిన నివేదిక ఒక్కటి నేను ఇంతవరకూ చదవలేదు.

మా ఇంట్లో కేబుల్ మళ్ళీ పెట్టించమంటారా అని కిందటి నెల మా అత్తగారిని అడిగాను. “ఇప్పుడెందుకమ్మా, ఆ సీరియల్ అయిపోయింది గద” అంది. నిజమే, 2023లోనే అయిపోయింది, తరవాత రెండో భాగం కూడా వచ్చింది. నేను వదలకుండా అడిగితే కాసేపు ఆగి, “పెట్టిస్తే పెట్టించు గని, మీ మామకు చెప్పు, ఏడున్నరకు పిలవొద్దని” అంది. చెప్పాను. “ఇప్పుడు ఆపుకునే వీలుండె కదా” అన్నారాయన. పక్షవాతం రాకపోయినా సొంతంగా కాఫీ కలుపుకోవడం ఎరగని డెబ్భయ్యారేళ్ళ మనిషితో నేను గంటసేపు వాదించాను. ఇంకా తేలలేదు. కేబుల్ అబ్బాయి సోమవారం వస్తానన్నాడు.